బఫే భోజనంలో టిప్పు ఎంత? జీతం ఎవరి బాధ్యత?

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటేనని తెలుగువారి సామెత. బంతి భోజనాల కాలంలో పుట్టిన ఈ మాట, బఫే భోజనాల కాలంలో అర్థం కోల్పోయినట్లు పైకి కనిపిస్తుంది. పంక్తి లేదు, విస్తరి లేదు, కొసరి వడ్డించే చేయి లేదు. పళ్ళెం పట్టుకుని ఎవరికి కావలసినది వారే పెట్టుకుంటున్నారు. అయితే సరిహద్దు గ్రామాల విషయంలో ఈ సామెత మరో విధంగా అక్షరాలా నిజమవుతున్నది. బాగేపల్లి, ముళబాగిలు, పావగడ, హోసూరు పరిసరాల పల్లెల నుంచి బెంగళూరు హోటళ్ళలో పనికి చేరుతున్న యువతీయువకులు ఉన్నారు. ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో నేర్చిన ఈ పిల్లలు అతిథితో ఏ భాషలోనైనా మాట్లాడగలరు. పుట్టినరోజుకో, పెళ్ళిరోజుకో నగరంలోని బఫేకు వెళ్ళిన కుటుంబానికి బల్ల తుడిచి మంచినీళ్ళు పోసే మనిషి పక్క ఊరివాడే కావచ్చు.

ఈ నేపథ్యంలో చిన్నదిగా కనిపించే ఒక ప్రశ్నకు ప్రాధాన్యం ఏర్పడింది. తినేవారే వడ్డించుకునే చోట సర్వరుకు టిప్పు ఇవ్వాలా? ఇస్తే ఎంత? బిల్లులోనే 'సర్వీస్ చార్జి' వేసి ఉంటే మళ్ళీ ఇవ్వాలా? ఈ మూడు ప్రశ్నల వెనుక నాలుగోది ఒకటి దాగి ఉన్నది. టిప్పులు వస్తాయి కదా అన్న సాకుతో సర్వరు జీతాన్ని తగ్గించవచ్చునా?

వడ్డన తగ్గింది, పని తగ్గలేదు

బఫేలో సర్వరుకు పని ఉండదన్నది అపోహ. సాధారణ హోటలులో ఒక మనిషి ఒక పళ్ళెంలో భోజనం ముగిస్తాడు. బఫేలో అదే మనిషి చిరుతిండికి ఒకటి, అన్నానికి ఒకటి, మిఠాయికి ఒకటి చొప్పున మూడు నాలుగు పళ్ళాలు మారుస్తాడు. నలుగురి కుటుంబం లేచేసరికి పన్నెండు నుంచి పదహారు పళ్ళాలు, గిన్నెలు, గ్లాసులు బల్ల మీద నుంచి కదలాలి. అవి ఎప్పటికప్పుడు తీయకపోతే తరువాతి పళ్ళెం పెట్టుకోవడానికి చోటే ఉండదు. నీళ్ళు పోయడం, రొట్టెలు వేడిగా తెచ్చి ఇవ్వడం, ఖాళీ అయిన పాత్రలు నింపించడం, చంటిపిల్లలు ఒలకబోసినది తుడవడం అన్నీ సర్వరు పనులే. బల్ల మధ్యనే నిప్పుల కుంపటి అమర్చి చువ్వలకు గుచ్చిన వంటకాలను తెచ్చి పెట్టే బఫేలలో పని మరింత ఎక్కువ. వేడి, పొగ, జాగ్రత్త అన్నీ సర్వరువే.

కాగా, బెంగళూరులో ప్రసిద్ధమైన దర్శిని హోటళ్ళ తీరు వేరు. అక్కడ టోకెను తీసుకున్న మనిషి తానే పళ్ళెం అందుకుని నిలబడి తిని వెళతాడు. బల్ల దగ్గర సేవ లేదు కనుక టిప్పు ఆచారమూ లేదు. బఫే ఈ రెండింటికీ మధ్యన నిలుస్తుంది. సగం స్వయంసేవ, సగం పరసేవ. టిప్పు ఎంత అన్న అయోమయానికి మూలం ఈ సగమే.

బిల్లులోని ఆ ఒక్క పద్దు

టిప్పు గురించి ఆలోచించే ముందు బిల్లును పై నుంచి కింది వరకు చదవడం అవసరం. తిన్నదాని ధర కింద సాధారణంగా జీఎస్టీ ఉంటుంది. 2017 నవంబరు 15 నుంచి అధిక శాతం రెస్టారెంట్లలో అది 5 శాతం. ఇది ప్రభుత్వానికి చెందే పన్ను, కట్టి తీరవలసినదే. కొన్ని బిల్లులలో దీనికి తోడు 'సర్వీస్ చార్జి' అనే పద్దు 5 శాతంగానో 10 శాతంగానో కనిపిస్తుంది. అది పన్ను కాదు. ఆ సొమ్ము ప్రభుత్వానికి చేరదు, యాజమాన్యానికి చేరుతుంది. పేరులోని సామ్యం వల్ల చాలామంది దీనిని కూడా పన్నుగానే భావించి చెల్లించి వస్తున్నారు.

ఈ పద్దుపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి సారాంశం ఇది. హోటలు తనంతట తానుగా సర్వీస్ చార్జిని బిల్లులో కలపరాదు. మరో పేరు పెట్టి వసూలు చేయరాదు. చెల్లించమని బలవంతపెట్టరాదు, అది ఐచ్ఛికమని స్పష్టంగా తెలియజేయాలి. చెల్లించనన్నవారికి ప్రవేశం నిరాకరించరాదు. బిల్లులో దానిని కలిపి ఆ మొత్తంపై జీఎస్టీ వేయరాదు.

హోటళ్ళ, రెస్టారెంట్ల సంఘాలు దీనిని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశాయి. 2025 మార్చి 28న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఆ మార్గదర్శకాలు చెల్లుతాయని తీర్పు చెప్పారు. తప్పనిసరి సర్వీస్ చార్జి చట్టవిరుద్ధమని, టిప్పు ఇవ్వడమా మానడమా అన్నది పూర్తిగా వినియోగదారుని ఇష్టమని తేల్చారు. రెండు సంఘాలకు చెరి లక్ష రూపాయల చొప్పున ఖర్చులు విధించారు. ఆ తీర్పుపై సంఘాలు అప్పీలుకు వెళ్ళాయి. మరోవైపు, తీర్పు వచ్చిన తరువాత కూడా సర్వీస్ చార్జిని తిరిగి ఇవ్వలేదన్న ఫిర్యాదులపై ఢిల్లీలోని అయిదు రెస్టారెంట్లకు 2025 ఏప్రిల్‌లో నోటీసులు వెళ్ళాయి.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. తలకు 800 రూపాయల బఫేకు నలుగురు వెళ్ళారనుకుందాం. ధర 3,200, జీఎస్టీ 160, మొత్తం 3,360 రూపాయలు. అదే బిల్లులో 10 శాతం సర్వీస్ చార్జి కలిపితే మరో 320 చేరుతుంది. దానిపైన కూడా పన్ను వేస్తే ఇంకో 16. మొత్తం 3,696 రూపాయలు. అడగకుండా చెల్లించిన అదనపు భారం 336 రూపాయలు. ఒక పల్లె కుటుంబానికి అది తేలికగా వదులుకోదగిన సొమ్ము కాదు.

ఆ పద్దును తీసివేయమని మర్యాదగా అడగడం వినియోగదారుని హక్కు. నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగు, కన్నడం, తమిళం సహా పలు భాషలలో మాట్లాడవచ్చు. జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు చేసే అవకాశాన్ని కూడా మార్గదర్శకాలు కల్పించాయి. బిల్లు కాగితాన్ని మాత్రం పారవేయకూడదు.

యజమానుల వాదనలో పస ఎంత?

సర్వీస్ చార్జిని సమర్థించేవారి వాదనను పూర్తిగా కొట్టివేయనక్కరలేదు. చేతికిచ్చే టిప్పు బల్ల దగ్గర కనిపించే మనిషికే దక్కుతుంది. వంటగదిలో చెమటోడ్చేవారు, వెనుక గిన్నెలు తోమేవారు అతిథి కంట పడరు. బిల్లులో వసూలు చేస్తే అందరికీ పంచవచ్చునని వారంటారు. బఫేలో తోమవలసిన పళ్ళాల సంఖ్యను బట్టి చూస్తే ఈ మాటలో నిజం ఉన్నది.

అయితే పంచుతున్నారో లేదో అతిథికి తెలిసే మార్గం ఏది? బిల్లులోని సొమ్ము యజమాని ఖాతాలో పడిన తరువాత అందులో ఎంత ఎవరికి చేరిందో చూపే కాగితం బల్ల మీదికి రాదు. సిబ్బందికి ఎక్కువ ఇవ్వాలన్న సంకల్పమే ఉంటే దానికి సులభమైన దారి తెరిచే ఉన్నది. బఫే ధరను 800 నుంచి 850 చేసి ఆ మేరకు జీతాలు పెంచవచ్చు. ధర నిర్ణయించుకునే స్వేచ్ఛను ఏ మార్గదర్శకమూ హరించలేదు. బయట పలకపై ఒక ధర రాసి, లోపల బిల్లులో మరో ధర వేయడమే అభ్యంతరకరం.

ఈ విషయంలో బ్రిటన్ తీసుకున్న చర్య గమనార్హం. అక్కడ 2023లో చేసిన చట్టం 2024 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో అమల్లోకి వచ్చింది. టిప్పుగా వచ్చినా సర్వీస్ చార్జిగా వచ్చినా ఆ సొమ్మును యజమాని తన వద్ద ఉంచుకోకుండా సిబ్బందికి న్యాయంగా పంచాలి. పంపిణీకి లెక్క ఉండాలి. భారతదేశంలో ఇంతటి స్పష్టత గల చట్టం లేదు. వినియోగదారుని రక్షణకు మార్గదర్శకాలు వచ్చాయి గాని, టిప్పు అందుకునే మనిషి రక్షణకు రాలేదు.

అమెరికా లెక్క ఇక్కడ పనికిరాదు

అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న బిడ్డల వద్దకు వెళ్ళివచ్చిన తల్లిదండ్రులు అక్కడి టిప్పుల గురించి ఆశ్చర్యంగా చెబుతుంటారు. బల్ల దగ్గర వడ్డించే హోటలులో 15 నుంచి 20 శాతం, బఫేలో సుమారు 10 శాతం ఇవ్వడం అక్కడి వాడుక. ఆ వాడుకకు కారణం ఔదార్యం మాత్రమే కాదు, చట్టం కూడా. ఆ దేశపు సమాఖ్య కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. కాని టిప్పులు వచ్చే ఉద్యోగులకు యజమాని నేరుగా 2.13 డాలర్లు ఇస్తే చాలునని చట్టం అనుమతిస్తుంది. 1991 నుంచి ఆ అంకె మారలేదు. మిగిలినది అతిథుల టిప్పులతో నిండాలి. నిండకపోతేనే యజమాని పూరించాలి. టెక్సాస్‌లో ఈ పద్ధతే నడుస్తున్నది. కాలిఫోర్నియాలో మాత్రం టిప్పులతో సంబంధం లేకుండా పూర్తి కనీస వేతనం ఇవ్వాలి.

2025 జులై 4న సంతకమైన చట్టం ద్వారా టిప్పుల ఆదాయంలో ఏడాదికి 25,000 డాలర్ల వరకు సమాఖ్య ఆదాయపు పన్ను లెక్కలో మినహాయింపు ఇచ్చారు. ఇది 2025 నుంచి 2028 వరకు వర్తిస్తుంది. దీని వల్ల కొందరికి మేలు జరిగినా, 2.13 అంకె మాత్రం కదలలేదు. అంటే అక్కడ టిప్పు అన్నది జీతంలో ఒక భాగం, ఆ భాగాన్ని చెల్లించే భారం అతిథి మీద ఉన్నది. అక్కడ ఉన్నప్పుడు ఆ ఆచారాన్ని పాటించడమే న్యాయం. పాటించకపోతే నష్టపోయేది వడ్డించిన మనిషే.

భారతదేశంలో స్థితి పూర్తిగా వేరు. ఇక్కడ కనీస వేతనంలో టిప్పును కలిపి చూపుకునే వెసులుబాటు యజమానికి లేదు. టిప్పు అతిథి ఇచ్చేదే గాని యాజమాన్యం ఇచ్చేది కాదని జైపూరులోని రాంబాగ్ ప్యాలెస్ హోటలు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. అతిథులు కార్డు ద్వారా ఇచ్చి యాజమాన్యం పంచిన టిప్పు కూడా జీతం కాదని 2016లో ఐటీసీ వ్యాజ్యంలో మరోసారి స్పష్టం చేసింది. కనుక అమెరికా నుంచి వచ్చినవారు అక్కడి శాతాలను ఇక్కడ అలవాటు చేయడం అనవసరం. అది మెల్లగా యజమాని బాధ్యతను అతిథి భుజాలపైకి మార్చే దారి అవుతుంది.

జీతం అన్నది హక్కు

పిల్లలను నగరపు హోటళ్ళకు పంపుతున్న కుటుంబాలు టిప్పు కంటే ముందు తెలుసుకోవలసినది జీతం సంగతి. "జీతం తక్కువే, కాని టిప్పులు బాగా వస్తాయి" అని చెప్పి పనిలో పెట్టుకునే మాట వినడానికి తీయగా ఉంటుంది. ఆ మాటలో యజమాని తన వంతును అతిథుల దయకు వదిలివేస్తున్నాడని గ్రహించాలి. వేసవి సెలవులలో బల్లలు నిండుతాయి, పరీక్షల కాలంలో ఖాళీగా ఉంటాయి. ఇంటి అద్దె, ఊరికి పంపే డబ్బు మాత్రం ప్రతి నెలా ఒకటే.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్-2019 ప్రకారం కనీస వేతనం అన్ని రంగాల ఉద్యోగులకూ వర్తిస్తుంది. ఏ రాష్ట్రంలో పనిచేస్తే ఆ రాష్ట్రపు రేటే లెక్క. హోసూరు బిడ్డ బెంగళూరులో పనిచేస్తే కర్ణాటక రేటు, ముళబాగిలు బిడ్డ హోసూరులో పనిచేస్తే తమిళనాడు రేటు వర్తిస్తాయి. సరిహద్దుకు ఆవలి నుంచి వచ్చాడన్న కారణంతో తగ్గించడానికి వీలు లేదు. ఉద్యోగంలో చేరేముందు ఆ రాష్ట్రంలో హోటలు పనికి నిర్ణయించిన రేటు ఎంతో కార్మిక శాఖ వద్ద తెలుసుకోవడం మేలు. అది కన్నడంలో ఉన్నా తమిళంలో ఉన్నా చదివి చెప్పగలవారు సరిహద్దు పల్లెలలో కొరత కారు.

మరికొన్ని అంశాలు కూడా ముఖ్యమైనవి. నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా చేతికి రావాలి. పని మానినా, మాన్పించినా బకాయి రెండు పనిదినాలలో చెల్లించాలి. పళ్ళాలు పగిలాయని, అతిథి బిల్లు కట్టకుండా వెళ్ళాడని తోచినంత కోసుకోవడం కుదరదు. నష్టం ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. జరిమానాలు జీతంలో 3 శాతం మించరాదు. తక్కువ చెల్లిస్తే మూడేళ్ళ లోపు క్లెయిము పెట్టుకోవచ్చు. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట, 21,000 రూపాయల లోపు జీతం గలవారికి ఈఎస్ఐ వైద్య సదుపాయం దక్కాలి. దానికి ఉద్యోగి వాటా 0.75 శాతం మాత్రమే, యజమాని వాటా 3.25 శాతం. కాలిన గాయాలు, జారిపడిన దెబ్బలు హోటలు పనిలో అరుదు కావు కనుక ఈఎస్ఐ కార్డు అడిగి తీసుకోవాలి.

మరి ఎంత ఇవ్వాలి?

ఇన్ని చెప్పిన తరువాత మొదటి ప్రశ్నకు సమాధానం కష్టం కాదు. టిప్పుకు చట్టం నిర్ణయించిన శాతం లేదు. కుటుంబం స్తోమతు, అందిన సేవ, ఈ రెండే కొలతలు. బిల్లులో సర్వీస్ చార్జి ఉన్నదో లేదో ముందుగా చూడాలి. ఉంటే తీసివేయించి, సర్వరుకు నేరుగా ఇవ్వాలి. ఇష్టపడి దానినే చెల్లిస్తే మళ్ళీ టిప్పు ఇవ్వవలసిన నిర్బంధం లేదు. పళ్ళాలు తీసి, నీళ్ళు పోసిన మామూలు బఫేలో తలకు 10 నుంచి 20 రూపాయలు సముచితం. బల్ల వద్దకే వేడి వంటకాలు తెచ్చిపెట్టి, వృద్ధులను, పిల్లలను కనిపెట్టుకుని చూసినచోట బిల్లులో 5 శాతం దాకా ఇస్తే గౌరవంగా ఉంటుంది. పై లెక్కలోని నలుగురి కుటుంబం 160 రూపాయలు చేతికిచ్చినా, అనవసరంగా కట్టబోయిన 336 రూపాయలలో ఇంకా 176 మిగులుతాయి. ఇంటికి ఆదా, ఇచ్చినది చేరిందన్న తృప్తి, రెండూ కలుగుతాయి.

ఇక్కడ ఒక కొత్త చిక్కు వచ్చిపడింది. ఫోనుతో చెల్లించే అలవాటు పెరిగాక జేబులలో చిల్లర నోట్లు కనిపించడం లేదు. బల్ల మీది స్కానరు ద్వారా పంపినది సాధారణంగా హోటలు ఖాతాకు చేరుతుంది. బిల్లుతో కలిపి అదనంగా పంపిన సొమ్ము సర్వరుకు అందుతుందన్న హామీ లేదు. కనుక బయలుదేరేటప్పుడే నాలుగు చిన్న నోట్లు వెంట ఉంచుకోవడం మంచిది. టిప్పులన్నీ ఒక డబ్బాలో వేసి వంటగదివారితో సహా పంచుకునే పద్ధతి ఆ హోటలులో ఉంటే, ఆ సంగతి సర్వరునే అడిగి తెలుసుకుని డబ్బాలోనే వేయవచ్చు. గిన్నెలు తోమేవారికి కూడా భాగం దక్కుతుంది.

స్తోమతు లేని కుటుంబం ఏమీ ఇవ్వకపోయినా తప్పు పట్టవలసిన పని లేదు. టిప్పు కొలతతో అతిథి మర్యాదను కొలవడం, ఇవ్వనివారి బల్లను నిర్లక్ష్యం చేయడం వృత్తికి వన్నె తేదు. అలాగే పది రూపాయలు పారేసి "ఏయ్" అని కేక వేయడం కంటే, తినగలిగినంతే పెట్టుకుని, ఖాళీ పళ్ళాలు ఒకచోట చేర్చి, "తమ్ముడూ, కొంచెం నీళ్ళు" అని పిలవడం ఎక్కువ విలువైనది. బఫేలో పారవేసిన అన్నాన్ని ఎత్తి పోయవలసిన చేయి కూడా ఆ మనిషిదే.

టిప్పు అతిథి కృతజ్ఞత, జీతం యజమాని బాధ్యత. ఈ రెండింటి మధ్య గీత చెరిగిపోకుండా చూసుకోవలసిన వారిలో సరిహద్దు పల్లెల కుటుంబాలు ముందువరుసలో ఉన్నాయి. తినడానికి వెళ్ళేవారూ ఆ ఇళ్ళవారే, వడ్డించడానికి వెళ్ళేవారూ ఆ ఇళ్ళవారే. బిల్లును చదవడం ఒకరు నేర్వాలి, జీతపు చీటీని చదవడం మరొకరు నేర్వాలి.